గర్భసంచి జారినప్పుడు: చేయవలసినవి, చేయకూడనివి

తిరువాలంగాడు, తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతాల ఆడవారికి, వారి ఇంటివారికి

గర్భసంచిని, మూత్రాశయాన్ని, మలాశయాన్ని కింది నుంచి మోసేవి కటి కండరాలు. కాన్పుల్లో అవి సడలితే ఈ అవయవాలు యోనిలోకి దిగుతాయి, కొందరికి బయటికే వస్తాయి. నీళ్ల మోత, చెరకు కట్టలు, ఎడతెగని దగ్గు, మలబద్ధకం దాన్ని ఇంకా కిందికి తోస్తాయి. ముట్లుడిగాక ఎక్కువవుతుంది. దీనికి వైద్యం ఉంది. ఏళ్ల తరబడి దాచుకోవడం, ఆపరేషన్ అయిన నెలకే బరువులెత్తడం అనే రెండు తప్పులే ఆడవారిని ఎక్కువగా దెబ్బతీస్తున్నాయి. కింది సూచనలు పాటించండి. మీ డాక్టరు వేరేగా చెబితే డాక్టరు మాటే వినండి.

చేయవలసినవి

అనుమానం వచ్చినప్పుడు

• కింద బరువుగా ఉన్నా, ఏదో జారుతున్నట్టున్నా, కడుక్కునేటప్పుడు చేతికి గడ్డలా తగిలినా ఆ వారంలోనే చూపించుకోండి.
• ముందు మీ ఊరి నర్సమ్మకు చెప్పండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆమె పంపిస్తుంది.
• గడప దాటలేని పెద్దవారైతే, బీపీ, షుగర్ మాత్రలు ఇంటికి తెచ్చిచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' ఉద్యోగినికి చెప్పండి.
• ఓపీ చీటీ రాసే దగ్గర తమిళంలో చెప్పాల్సి వస్తే 'గర్భప్పై ఇరక్కం' అనండి.
• ఆడ డాక్టరే కావాలంటే చీటీ తీసుకునేటప్పుడే అడగండి.
• పరీక్షలో దగ్గమన్నా, ముక్కమన్నా మొహమాటపడకుండా చేయండి. ఎంత జారిందో అప్పుడే తెలుస్తుంది.
• నాలుగు దశల్లో మీది ఎన్నోదో అడిగి కాగితం మీద రాయించుకోండి.
• ముట్లుడిగాక రక్తం కనిపిస్తే క్యాన్సర్ పరీక్ష చేయించుకోండి.
• మూత్రం పూర్తిగా రాకపోతే చెప్పండి. బాగా జారిన గర్భసంచి మూత్రనాళాలను నొక్కి కిడ్నీలను చెడగొట్టవచ్చు.

ఆపరేషన్ లేకుండా నడిచేటప్పుడు

• కటి వ్యాయామం రోజుకు మూడుసార్లు చేయండి: గ్యాసు ఆపుకున్నట్టు లోపలికి బిగించి, కాసేపు పట్టి వదలండి, అలా పదిసార్లు.
• మూడు అంకెలు లెక్కపెట్టడంతో మొదలుపెట్టి, పదంకెల దాకా పెంచండి.
• నాలుగు నెలలు విడవకుండా చేయండి. మొదటి రెండు దశల్లో చాలామందికి దీంతోనే ఊరట దొరుకుతుంది.
• దగ్గే ముందు, తుమ్మే ముందు, లేచే ముందు ఆ కండరాలను బిగించండి.
• ఆపరేషన్ వద్దనుకుంటే, లేదా చేయించుకునే ఒంటిబలం లేకపోతే రింగు గురించి అడగండి. అది లోపల ఉండి గర్భసంచిని పైకి నిలబెడుతుంది.
• రింగు వేశాక మూడు నుంచి ఆరు నెలలకోసారి, డాక్టరు చెప్పిన తేదీకి చూపించుకోండి.
• రింగు ఉండగా చెడు వాసన, రక్తం కనిపిస్తే తేదీ కోసం ఆగకుండా వెళ్లండి.
• రాగి సంకటి, ఆకుకూరలు, జామపండు, సరిపడా నీళ్లు తీసుకోండి. మలం మెత్తగా రావాలి.
• దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష చేయించుకోండి.

ఆపరేషన్ ఖాయమైనప్పుడు

• ఏది తీస్తారు, ఏది కుట్టి పైకి కడతారు, ఏ దారిన చేస్తారు అని మూడు ప్రశ్నలు తప్పక అడగండి.
• తిరుత్తణి ప్రభుత్వ ఆస్పత్రిలో, తిరువళ్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రిలో ముందు కనుక్కోండి.
• ఒకసారి ఆపరేషన్ అయి మళ్లీ జారినవారు 1844 నాటి ఎగ్మూరు ప్రసూతి ఆస్పత్రి లాంటి పెద్ద ఆస్పత్రికి చీటీ రాయించుకోండి.
• పిల్లలు కావాలనుకుంటే ఆ మాట మొదటే చెప్పండి. గర్భసంచి తీయకుండా పైకి కట్టే పద్ధతులున్నాయి, బొంబాయి వైద్యులు శిరోద్కర్, పురందరే పేర్లతో రెండు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.
• మెష్ అనే వల పెడతామంటే కడుపు దారిన పెడతారో, యోని దారిన పెడతారో అడగండి.
• రేషన్ కార్డు, ఆధార్, ముఖ్యమంత్రి బీమా కార్డు తీసుకెళ్లి, మీ ఆపరేషన్ పథకంలో ఉందో లేదో చేరకముందే కౌంటర్లో అడగండి.
• షుగర్, బీపీ, రక్తహీనత ముందుగా అదుపులోకి తెచ్చుకోండి. షుగర్ ఎక్కువగా ఉంటే కుట్లు చీము పడతాయి.
• వాడుతున్న ప్రతి మాత్రా సంచిలో వేసుకెళ్లి చూపించండి. రక్తం పలచబడే మాత్ర సంగతి మరీ ముఖ్యం.
• నాట్లకు, చెరకు కోతకు, ఆడి కృత్తికకు మూడు నెలల ఎడం ఉండేలా ఆపరేషన్ తేదీ అడగండి.
• ఇంటిపని ఎవరు చేస్తారో చేరకముందే తేల్చుకోండి.

ఆస్పత్రిలో

• డాక్టరు చెప్పిన గంట నుంచి కడుపు ఖాళీగా ఉంచండి; మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం.
• లోపల పెట్టిన గాజుగుడ్డ తీశారా అని నర్సును అడిగి తెలుసుకోండి. మామూలుగా మర్నాడు తీస్తారు.
• మూత్రపు గొట్టం తీశాక మూత్రం ఎంత వస్తోందో చూపించండి.
• పడుకున్నా మడమలు, పాదాలు ఆడిస్తూ ఉండండి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది.
• లేవమన్న పూటే లేచి నాలుగడుగులు వేయండి.
• పక్కకు తిరిగి, చేతుల మీద ఆనుకుని లేవండి.
• డిశ్చార్జి కాగితం మీద చేసిన ఆపరేషన్ పేరు, మళ్లీ రావలసిన తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి.
• ఇంటికి కారులో వెళ్లండి; లోకల్ రైలు తొక్కిడి, స్టేషన్ మెట్లు ఆ రోజు వద్దు.

ఇంటికి వచ్చాక

• మొదటి ఆరు వారాలు రెండు లీటరు పాల ప్యాకెట్ల బరువుకు మించి ఎత్తకుండా ఉండండి.
• ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా అయిదు కిలోలు దాటకుండా చూసుకోండి.
• రోజూ ఇంట్లో, వీధిలో నడవండి. వారానికి కొంచెం పెంచండి.
• మధ్యాహ్నం ఒక గంట నడుము వాల్చండి.
• మలం మెత్తబడే మందు రాసిస్తే నొప్పి తగ్గిందని మానకుండా వాడండి.
• వెస్టర్న్ టాయిలెట్ వాడండి. లేకపోతే కన్నమున్న కుర్చీని మరుగుదొడ్డి మీద వేసుకోండి.
• ముందు నుంచి వెనక్కి కడుక్కుని, మెత్తటి గుడ్డతో అద్దుకోండి.
• గులాబీ, గోధుమ రంగు స్రావానికి ప్యాడ్ వాడండి. నాలుగు నుంచి ఆరు వారాలు కొద్దికొద్దిగా కావచ్చు.
• దారపు ముక్కలు రాలితే భయపడకండి; అవి కరిగిపోయే కుట్లు.
• ఆరు వారాల చెకప్‌కు ఒంట్లో బాగున్నా వెళ్లండి.
• కటి వ్యాయామం ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో ఆ చెకప్‌లో అడిగి, ఇక జీవితాంతం చేయండి.
• తిరుత్తణి మొక్కు ఉంటే 365 మెట్లు వదిలి, వాహనంలో కొండపైకి వెళ్లండి.

వెంటనే ఆస్పత్రికి వెళ్లవలసినప్పుడు

• గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసినా, గడ్డలు గడ్డలుగా పడినా వెళ్లండి.
• జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, చలి పుట్టినా వెళ్లండి.
• ఆరు గంటలు మూత్రం రాకపోయినా, తెలియకుండా యోని నుంచి కారుతున్నా వెళ్లండి.
• స్రావం దుర్వాసన వేసినా, కడుపు ఉబ్బి వాంతులైనా వెళ్లండి.
• ఒక కాలి పిక్క వాచి నొప్పి పుడితే అదే పూట వెళ్లండి.
• ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి.

ఇంటివారు

• నీళ్లు, గ్యాసు బండ, రేషన్ బియ్యం, గ్రైండర్ రాయి మూడు నెలలు మీరే ఎత్తండి.
• పెద్ద బిందె బదులు చిన్న చెంబులు, రెండు లీటర్ల లోపు గిన్నెలు ఆమె చేతికందేలా పెట్టండి.
• మనవలను ఆమె కూర్చున్నాక ఒళ్లో కూర్చోబెట్టండి.
• చెకప్‌కు ఆమె వెంట ఒకరు వెళ్లండి.

చేయకూడనివి

అనుమానం వచ్చినప్పుడు

• 'ముగ్గురు పిల్లల్ని కన్నాక ఇది మామూలే' అని ఊరుకోకండి.
• సిగ్గుపడి ఏళ్లు గడపకండి. జారిన భాగం బట్టల రాపిడికి పుండు పడుతుంది.
• జారినదాన్ని లోపలికి తోసి గుడ్డ ఉండ పెట్టుకోకండి; చీము పడుతుంది.
• ఆముదం, పసుపు, వేపాకు ముద్ద, నాటు మందు లోపల రాయకండి.
• మూత్రం కారుతుందని నీళ్లు తాగడం మానకండి. మూత్రంలో మంట, మలబద్ధకం రెండూ వస్తాయి.
• చీర కుచ్చెళ్ల కింద బెల్టు బిగించకండి. పైన బిగిస్తే ఒత్తిడి కిందికే పోతుంది.

ఆపరేషన్ లేకుండా నడిచేటప్పుడు

• మూత్రం పోసేటప్పుడు ఆపి ఆపి వ్యాయామం చేయకండి.
• వ్యాయామంలో ఊపిరి బిగపట్టకండి, పొట్ట బయటికి తోయకండి.
• రింగు వేయించుకుని మరిచిపోకండి. ఏళ్లు వదిలేస్తే ఒంట్లో కలిసి దిగబడిపోతుంది.
• మలవిసర్జనకు ముక్కకండి.
• బీడీ పొగ, కట్టెల పొయ్యి పొగ పీల్చకండి. దగ్గిన ప్రతిసారీ ఇంకాస్త దిగుతుంది.
• నూరు రోజుల పనిలో తట్ట మోయకండి. మేస్త్రికి చెప్పి తేలిక పని అడగండి.

ఆపరేషన్ ఖాయమైనప్పుడు

• తెల్లబట్టకో, నడుము నొప్పికో గర్భసంచి తీయించుకోకండి. అనవసరపు ఆపరేషన్లను అరికట్టమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది.
• ఇరుగుపొరుగు తీయించుకున్నారని మీరూ తీయించుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఆంధ్రలో 15-49 ఏళ్లవారిలో నూటికి తొమ్మిదిమందికి గర్భసంచి లేదు.
• 'తీసేస్తే క్యాన్సర్ రాదు' అనే మాటలకు లొంగకండి. రెండో డాక్టరును అడగండి.
• గర్భసంచి తీస్తే ఇక జారేదేమీ ఉండదనుకోకండి. మూత్రాశయం, మలాశయం, యోని పైభాగం తర్వాతైనా జారవచ్చు.
• యోని దారిన మెష్ పెట్టడానికి తొందరపడి ఒప్పుకోకండి. జారుడుకు ఆ దారిన పెట్టే మెష్ అమ్మకాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019 ఏప్రిల్‌లో ఆపించింది.
• నగరి, పుత్తూరు వైపువారి ఆంధ్ర బీమా కార్డు తమిళనాడులో ప్రతి ఆస్పత్రిలోనూ చెల్లుతుందనుకోకండి.
• చదవకుండా, చదివించుకోకుండా సంతకం పెట్టకండి, వేలిముద్ర వేయకండి.
• గుండె మాత్రను, షుగర్ మాత్రను మీ అంతట మీరు ఆపకండి.

ఆస్పత్రిలో

• ఆకలేస్తోందని ఆపరేషన్ రోజున ఇడ్లీ, పాలు రహస్యంగా తినకండి, తాగకండి.
• మూత్రపు గొట్టాన్ని లాగకండి, సంచిని మంచం మీద పెట్టకండి.
• నొప్పి ఓర్చుకోకండి. నొప్పికి భయపడి కదలకపోతే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది.
• మూత్రం సరిగా రాకుండానే డిశ్చార్జి అడగకండి.

ఇంటికి వచ్చాక

• బిందె చంకనెత్తకండి. పదిహేను లీటర్ల నీళ్లంటే పదిహేను కిలోలు.
• గొంతుకూర్చుని బట్టలు ఉతకకండి, కళ్లాపి చల్లకండి, ఇల్లు తుడవకండి.
• పత్యం పేరుతో నీళ్లు తగ్గించకండి. మలం గట్టిపడి కుట్ల మీద బరువు పడుతుంది.
• చీము పడుతుందని పప్పు, గుడ్డు, పెరుగు మానకండి. కుట్లు మానడానికి మాంసకృత్తులు కావాలి.
• నిప్పుల మీద కాపడం పెట్టకండి, పొగ పట్టకండి.
• లోపల వేలు పెట్టి కుట్లు చూసుకోకండి, నీళ్లు చిమ్మి కడగకండి.
• చెరువులో, కోనేటిలో మునగకండి, చెంబుతో పోసుకోండి.
• ఆరు వారాల చెకప్ అయ్యేదాకా భర్తతో కలవకండి.
• నెలరోజుల్లోపు స్కూటీ నడపకండి, బండి వెనక గతుకుల రోడ్డుమీద కూర్చోకండి.
• నొప్పి పోయింది కాబట్టి మానిపోయిందనుకోకండి. లోపలి కుట్లు గట్టిపడడానికి మూడు నెలలు పడుతుంది.
• మూడు నెలల లోపు కావడి ఎత్తకండి, పొర్లుదండాలు పెట్టకండి, మోకాళ్ల మీద మెట్లెక్కకండి.
• చెరకు కోతకు, మగ్గం గుంతలోకి డాక్టరు చెప్పకముందే దిగకండి.

వెంటనే ఆస్పత్రికి వెళ్లవలసినప్పుడు

• రక్తం పడుతుంటే 'తెల్లారాక చూద్దాం' అనకండి.
• జ్వరానికి మెడికల్ షాపు మాత్రలు వేసుకుని రోజులు గడపకండి.
• వాచిన పిక్కను నూనె పెట్టి మర్దన చేయకండి; రక్తపు గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోవచ్చు.
• డిశ్చార్జి కాగితం లేకుండా వేరే ఆస్పత్రికి బయల్దేరకండి.

ఇంటివారు

• 'మా అమ్మ కాన్పయిన పదో రోజే పొలానికి పోయింది' అని పోల్చకండి.
• బయటికి బాగానే తిరుగుతోందని పనులు పురమాయించకండి.
• చుట్టాల ముందు ఆమె జబ్బు పేరెత్తి ఎగతాళి చేయకండి.
• మళ్లీ జారినట్టుందని ఆమె చెబితే 'ఒకసారి చేయించాం కదా' అని నోరు మూయించకండి. తిరిగి జారడం కొందరికి జరిగేదే, మళ్లీ చూపించండి.