ఫ్రీ అంటే ఎంత?

పోయిన ఆగస్టులో మన కాలేజీ బస్టాప్ ఎదురుగా ఒక ఫ్లెక్సీ కట్టారు. విమానం బొమ్మ, నవ్వుతున్న నలుగురు పిల్లలు, పెద్ద అక్షరాలతో 'జర్మనీలో ఎమ్మెస్ ఫ్రీ'. ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి నాన్నకి చెప్పేశాను. ఆదివారం ఇద్దరం కలిసి ఆ కన్సల్టెన్సీకి వెళ్ళాం. అక్కడి సార్ తెల్ల కాగితం మీద లెక్క రాశాడు: ముందుగా బ్యాంకులో చూపించాల్సింది 12 లక్షలు, వాళ్ళ ప్రాసెసింగ్ ఫీజు వేరే, టికెట్, ఇన్సూరెన్స్ వేరే. బయటికి వచ్చి చెరుకు రసం బండి దగ్గర నిలబడ్డాక నాన్న ఒక్కటే మాట అడిగాడు: "ఫ్రీ అంటివి గదరా, మళ్ల ఈ పన్నెండు లక్షలేంది?"

నా దగ్గర జవాబు లేదు. మాకున్నది రెండెకరాలు. ఆ వారమే నాన్న పట్టాదారు పాసుబుక్కు బీరువాలోంచి తీసి పెట్టాడని అమ్మ తర్వాత చెప్పింది.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. థర్డ్ ఇయర్ వాళ్ళకి అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను.

ముందు జర్మనీ సంగతే చూద్దాం. ఫ్లెక్సీ అబద్ధం చెప్పలేదు, సగం చెప్పింది. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, విదేశీ విద్యార్థులకి కూడా. సెమిస్టర్ కంట్రిబ్యూషన్ అని కొంత కడితే చాలు. అయితే అన్ని చోట్లా కాదు. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె ఉన్న బాడెన్-వ్యూర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళు సెమిస్టరుకి 1500 యూరోలు కట్టాలి. మన సీనియర్లందరి నోటా వినిపించే మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 వింటర్ సెమిస్టర్ నుంచి బయటి దేశాలవాళ్ళకి ఫీజు పెట్టింది. మాస్టర్స్‌కి సెమిస్టరుకి 4000 నుంచి 6000 యూరోలు. రెండేళ్ళ క్రితం వెళ్ళిన అన్న చెప్పిన లెక్క ఇవాళ పనికిరాకపోవచ్చు.

ఇక ఆ 12 లక్షలు. దాన్ని బ్లాక్డ్ అకౌంట్ అంటారు. జర్మనీలో ఒక ఏడాది బతకడానికి నీ దగ్గర డబ్బుందని వీసాకి ముందే చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. యూరో వంద రూపాయలు అనుకుంటే దాదాపు 12 లక్షలు. ఇది ఫీజు కాదు, ఎవరూ తీసుకోరు. అక్కడికి వెళ్ళాక నెలకి 992 యూరోల చొప్పున నీకే తిరిగి వస్తుంది, దాంతోనే అద్దె, తిండి, ఇన్సూరెన్స్. అంటే అది నీ ఖర్చే, కాకపోతే ముందుగా మూట కట్టి చూపించాలి. పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు: ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు. కానీ ఆ సంపాదనని వీసాకి ముందు చూపించలేం కదా. నాన్న అడిగినదానికి అసలు జవాబు ఇదే: చదువు ఫ్రీ, బతుకు ఫ్రీ కాదు.

ఇక్కడే ఇంకో చిన్న లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే మన బ్యాచ్‌లో చాలామంది దీన్ని చూడకుండానే అప్లికేషన్లు పెట్టారు. జర్మన్ యూనివర్సిటీలు మన సీజీపీఏని వాళ్ళ స్కేలులోకి మారుస్తాయి. అక్కడ 1 అంటే బెస్ట్, 4 అంటే పాస్. చాలా చోట్ల వాడేది సవరించిన బవేరియన్ సూత్రం. గరిష్ఠ పాయింటులోంచి మన పాయింటు తీసేయాలి, దాన్ని మూడుతో గుణించాలి, గరిష్ఠానికీ పాస్ పాయింటుకీ ఉన్న తేడాతో భాగించాలి, ఒకటి కలపాలి. సీజీపీఏ 8.2, పాస్ పాయింటు 5 అనుకోండి: 1.8 ఇంటూ 3 అంటే 5.4, దాన్ని 5తో భాగిస్తే 1.08, ఒకటి కలిపితే 2.08. అదే పాస్ పాయింటు 4 అయితే 5.4ని 6తో భాగించాలి, గ్రేడు 1.9. కొన్ని కోర్సులు 2.0 దాటితే చూడవు. అంటే నీ మార్కులు మారకుండానే, పాస్ పాయింటు ఎంతని కాగితం మీద ఉందో దాన్నిబట్టి లోపలా బయటా తేలిపోతుంది. ఎగ్జామ్ బ్రాంచి నుంచి గ్రేడింగ్ వివరాలున్న సర్టిఫికెట్ తప్పకుండా తీసుకోండి. సర్టిఫికెట్లని సరిచూసే ఏపీఎస్ కూడా 2022 నవంబరు నుంచి మనకి తప్పనిసరి. దాని ఫీజు 18,000 రూపాయలు, కొన్ని వారాలు పడుతుంది, చివర్లో పెట్టుకుంటే గుండె దడ.

కన్సల్టెన్సీ సార్ ఈ లెక్కలేవీ చెప్పలేదు. ఇంకొకటి కూడా చెప్పలేదు, దాన్ని లైబ్రరీ సిస్టమ్ మీద నాకు నేనే చూసుకున్నాను: ఎరాస్మస్ ముండస్. యూరప్ యూనివర్సిటీలు కొన్ని కలిసి నడిపే మాస్టర్స్ కోర్సులు ఇవి. ఒక సెమిస్టరు ఒక దేశంలో, ఇంకోటి ఇంకో దేశంలో. స్కాలర్‌షిప్ వస్తే ట్యూషన్ ఉండదు, పైగా నెలకి 1400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు. టికెట్, వీసా, ఇంటద్దె అన్నీ అందులోంచే చూసుకోవాలి. ఫైనల్ ఇయర్‌లో ఉండగానే అప్లై చేయొచ్చు. చాలా కోర్సులకి అక్టోబరు నుంచి జనవరి, ఫిబ్రవరి లోపు గడువు, క్లాసులు ఆ తర్వాతి సెప్టెంబరులో. కొన్నిటికి అప్లికేషన్ ఫీజు కూడా లేదు. చాలామంది ఏజెంట్లకి కమిషన్ ఇచ్చేది యూనివర్సిటీలే. కమిషన్ రాని దారి వాళ్ళ బ్రోచరులో ఎందుకుంటుంది? ఇది కోపంతో అంటున్న మాట కాదు, వాళ్ళది వ్యాపారం, అంతే.

జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ కూడా ఇలాంటిదే. ట్యూషన్ లేదు, రానూపోనూ విమానం టికెట్ వాళ్ళదే, మాస్టర్స్ విద్యార్థికి నెలకి సుమారు 1,44,000 యెన్లు. ఎంబసీ ద్వారా అయితే రాతపరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. అక్కడ అన్నిటికన్నా బరువైన కాగితం రీసెర్చ్ ప్లాన్. ఏ ప్రశ్న మీద పనిచేస్తావు, ఏ ప్రొఫెసర్ దగ్గర, ఎందుకు జపాన్‌లోనే అని రాయాలి.

మన రాష్ట్రం డబ్బు గురించి కూడా చాలామందికి తెలీదు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకి మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుమీద ఇలాంటిదే, మైనారిటీలకి ఇంకోటి ఉన్నాయి. 20 లక్షల దాకా ఇస్తారు. మంచి పథకం, అనుమానం లేదు. కానీ ఎప్పుడిస్తారన్నది చూడండి. వెళ్ళి దిగినట్టు కాగితం చూపించాక సగం, మొదటి సెమిస్టరు ఫలితాలు ఇచ్చాక మిగతా సగం. అంటే ముందు అడుగు మన డబ్బుతోనే వేయాలి. వీసాకి చూపించే మొత్తం, మొదటి ఫీజు అప్పటికే కట్టి ఉండాలి. కేంద్రంలో సామాజిక న్యాయ శాఖ నడిపే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వేరు. ఏడాదికి 125 సీట్లు, ఎక్కువ భాగం ఎస్సీ విద్యార్థులకి. సంచార జాతులు, భూమి లేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవాళ్ళ పిల్లలకీ ఉంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, కోర్సు ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500 యూనివర్సిటీల్లో ఉండాలి. గిరిజన విద్యార్థులకి గిరిజన వ్యవహారాల శాఖది విడిగా 20 సీట్లు.

అప్పురూపంలో ఇచ్చే స్కాలర్‌షిప్పులు కూడా ఉన్నాయి. జె.ఎన్. టాటా ఎండోమెంట్ 1892 నుంచి నడుస్తోంది. పేరులో స్కాలర్‌షిప్ ఉన్నా అది తిరిగి కట్టాల్సిన డబ్బు. తర్వాత రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి వెళ్ళింది టాటా సాయంతోనే.

కొన్నిటికి షరతులుంటాయి. చెవెనింగ్ తీసుకుని బ్రిటన్ వెళ్తే చదువయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మీద అమెరికా వెళ్ళినవాళ్ళకీ రెండేళ్ళ నిబంధన ఉంది. పైగా ఈ రెండూ బీటెక్ అవగానే రావు. చెవెనింగ్‌కి రెండేళ్ళు, ఫుల్‌బ్రైట్ మాస్టర్స్‌కి మూడేళ్ళు ఉద్యోగ అనుభవం అడుగుతారు. నేను వీటి మీద రెండు వారాలు వృథా చేశాను, మీరు చేయకండి. ఉద్యోగంలో చేరాక గుర్తుపెట్టుకోండి.

ఇవేమీ కొత్త బాధలు కావు. 1913లో అంబేడ్కర్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో. నెలకి 11.50 పౌండ్లు, మూడేళ్ళు. బదులుగా తిరిగొచ్చి పదేళ్ళు సంస్థానంలో పనిచేయాలని ఒప్పందం. గడువు అయిపోవడంతో 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. బరోడాలో ఆయనకి ఉండటానికి ఇల్లు కూడా దొరకనివ్వలేదు. మళ్ళీ 1920లో కూడబెట్టుకున్న డబ్బుతో, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయంతో వెళ్ళి పూర్తిచేశారు. మన ఎల్లాప్రగడ సుబ్బారావు కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఇచ్చిన అండతో హార్వర్డ్ వెళ్ళి, డబ్బు చాలక ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు తీసే పని చేశారు. విగ్రహాలు చూస్తాం, నెల ఖర్చుల లెక్క మాత్రం ఎవరూ చెప్పరు.

సరే, ఇక ఉత్తరం. మోటివేషన్ లెటర్ అనండి, ఎస్ఓపీ అనండి, ఇది మన క్లబ్బు వాళ్ళ సబ్జెక్టు. ఎరాస్మస్ లాంటి చోట మార్కుల తర్వాత మనిషిని మనిషి నుంచి వేరు చేసేది ఇదే. నా మొదటి డ్రాఫ్టు మొదటి వాక్యం 'చిన్నప్పటి నుంచి నాకు టెక్నాలజీ అంటే ప్యాషన్'. మన డిపార్ట్‌మెంట్‌లోనే చదివి ఇప్పుడు స్వీడన్‌లో ఉన్న ఒక అక్కకి పంపాను. ఆమె తిట్టలేదు, ఒక ప్రశ్న అడిగింది: "ఇందులో నీ పేరు తీసేసి మీ రూమ్మేట్ పేరు పెడితే ఎవరైనా కనిపెడతారా?"

ఎవరూ కనిపెట్టరు. అందుకే దాన్ని చింపేసి, ఈసారి తెలుగులో రాసుకున్నాను. ఇంగ్లీషులో రాస్తే చేతికి ముందు వచ్చేవి ప్యాషన్, డ్రీమ్, వరల్డ్ క్లాస్ లాంటి మాటలు. తెలుగులో రాస్తే వచ్చింది మా బోరు మోటారు. రాత్రి రెండింటికి త్రీ ఫేజ్ కరెంటు వస్తే నాన్న టార్చి పట్టుకుని పొలానికి పోయేవాడు. ఒక ఫేజు పోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, వేడెక్కి వైండింగ్ కాలిపోతుంది. మేం నైన్త్‌లో ఉన్న ఏడాది రెండుసార్లు కాలింది. రెండోసారి రీవైండింగ్‌కి డబ్బుల్లేక వరి ఎండిపోయింది. థర్డ్ ఇయర్‌లో నా మినీ ప్రాజెక్టు ఫేజు పోగానే మోటారు ఆపేసే సర్క్యూట్. ల్యాబులో బాగా పనిచేసింది, మా పొలంలో పనిచేయలేదు. ఎందుకంటే అక్కడ ఓల్టేజీ మామూలుగానే కిందికి పడిపోతూ ఉంటుంది, నా సర్క్యూట్ దాన్ని కూడా ఫేజు పోయినట్టే అనుకుని ఊరికే ఆపేసేది. చివరి ఊళ్ళలో ఓల్టేజీ ఎందుకు పడిపోతుందో తెలుసుకోవాలనే నాకు పవర్ సిస్టమ్స్ చదవాలని ఉంది. ఇదంతా రాశాక ఇంగ్లీషులోకి మార్చుకున్నాను. పనిచేయని సంగతి రాయనా వద్దా అని అక్కని అడిగితే, "అదొక్కటే చదవాలనిపిస్తోంది" అంది.

రికమెండేషన్ లెటర్ గురించి ఒక్క మాట. గడువు రేపనగా సార్ దగ్గరికి వెళ్ళి నిలబడకండి. మూడు వారాల ముందు వెళ్ళి, ఆయన దగ్గర ఏం చేశారో ఒక పేజీ రాసి ఇవ్వండి. అరవై మందికి పాఠం చెప్పే మనిషికి మన సర్క్యూట్ గుర్తుండాలని లేదు.

నేను మూడు ఎరాస్మస్ కోర్సులకి పెట్టాను. ఒకటి రాలేదు. ఒకదానికి సీటు ఇచ్చారు, స్కాలర్‌షిప్ ఇవ్వలేదు, అంటే ఫీజు మనమే కట్టుకోవాలి. వద్దని రాశాను. మూడోది రిజర్వ్ లిస్టు: ముందున్న వాళ్ళు ఎవరైనా వద్దంటే మనకి వస్తుంది. ఆ మెయిల్ వచ్చినప్పుడు ఇంట్లోనే ఉన్నాను. అమ్మ చదివించుకుని, "అంటే వచ్చినట్టా, రానట్టా?" అంది. లైన్లో నాలుగోవాణ్ణి అన్నాను. నాన్న ఏమీ అనలేదు గానీ పాసుబుక్కు మళ్ళీ బీరువాలో పెట్టేశాడు.

జూన్ దాకా చూడాలి. ఈలోగా క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం ఉంది, చేరతాను, రాకపోతే వచ్చే అక్టోబరులో మళ్ళీ పెడతాను. థర్డ్ ఇయర్ వాళ్ళు ఈ వేసవిలోనే పాస్‌పోర్టుకి అప్లై చేసుకోండి, ఒక డ్రాఫ్టు తెలుగులోనే రాసుకోండి. శనివారం నాలుగింటికి క్లబ్బు గదికి తీసుకొస్తే కలిసి చదువుదాం. ఎర్ర పెన్ను నేను తెస్తాను.