సూర్యాస్తమయమునకు ముందు ఇంటిల్లిపాది భోజనము

జైన గృహస్థుల నియమములలో రాత్రిభోజన త్యాగము ముఖ్యమైనది. 12వ శతాబ్దమున హేమచంద్రాచార్యులు తమ యోగశాస్త్రములో దీనిని గట్టిగా బోధించిరి. చీకటిలో కంటికి కానరాని సూక్ష్మజీవులు అన్నములో పడి నశించుననుట దీనికి మూలము. చెన్నపట్టణములో ఈ నియమపాలనకు రెండు చిక్కులు చెప్పుచుందురు. ఒకటి కూర, రెండవది వేళ.

ముందుగా కూర సంగతి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, ముల్లంగి, కారెట్టు మొదలగునవి అనంతకాయములు. ఒక్క దుంపలో లెక్కలేనన్ని జీవములుండునని శాస్త్రము. ఇవి లేనిచో వంట చప్పన అని పిల్లలు సణుగుదురు. మార్వాడునుండి వచ్చిన కుటుంబములు కొన్ని నేటికిని కేర్, సాంగ్రి తెప్పించుకొందురు. పచ్చికూర కరవైన ఎడారిలో ఎండబెట్టి దాచుకొనుట అక్కడి అవసరము. ఇక్కడ ఆ కరవు లేదు. షావుకారుపేట ప్రక్కనున్న కొత్వాల్ చావడినుండి టోకు కూరగాయల బేరము 1996లో కోయంబేడుకు తరలిపోయినను, వీధి మొగలోనే పొట్లకాయ, బీరకాయ, సొరకాయ, గోరుచిక్కుడు, ములక్కాడ, అరటికాయ దొరకును. అన్నియు నేలపైన కాచునవే.

ఆరుగురికి ఒక పూట వంట ఇట్లు చేయవచ్చును. నాలుగు అరటికాయలు చెక్కు తీసి, ముక్కలు ఉడికించి, ఆవాలు, మినపపప్పు, ఇంగువ తిరగమోత వేసి, మిరియపు పొడి, కొబ్బరి కోరు చల్లవలెను. బంగాళదుంప కూర అడుగు పిల్లలకు ఇది చక్కగా సరిపోవును. ఒక పొట్లకాయను చీల్చి, లోపల పురుగు లేదని చూచి, తరిగి, గ్లాసెడు పెసరపప్పుతో ఉడికించి, జీలకర్ర, కొబ్బరి నూరి కలిపిన కూటు అగును. ములక్కాడలతో చింతపండు పులుసు, నేయి, అప్పడము చాలును. పచ్చి అల్లము బదులు సొంఠి వాడుదురు. వంటనీరు వడగట్టవలెను. మజ్జిగపులుసు చేయువారు పెరుగును ముందు కాచి, తరువాతనే శనగపిండి కలుపవలెను. పచ్చిపెరుగుతో పప్పుధాన్యము కూడరాదని నియమము. అష్టమి, చతుర్దశులలో పచ్చికూర మానువారికి పప్పు, అప్పడము, మెంతుల పులుసు ఉండనే ఉన్నవి.

కావున కూర చిక్కు పేరుకే. వేళ చిక్కు నిజమైనది. చెన్నపట్టణములో ఆషాఢమున సూర్యుడు సుమారు 6.40కి, కార్తీకమున సుమారు 5.40కే అస్తమించును. అస్తమయమునకు రెండు ఘడియలు, అనగా 48 నిమిషములు ముందే ముగించుట ఉత్తమమని పెద్దలందురు. గోడౌను వీధిలో బేరము ఊపందుకొను వేళయు అదే.

ఒక ఇంట తండ్రి, ఇద్దరు కొడుకులు దుకాణములో నుందురనుకొందము. ముగ్గురికిని టిఫిను క్యారియరు వచ్చును. నియమము నిలుచును. కాని ఇంటివద్ద మనుమలు ట్యూషనునుండి చీకటి పడిన తరువాత వచ్చి, విడిగా తిందురు. తాత నియమము పాటించుట వారు చూడనే చూడరు. చూడని నియమము మరుతరమునకు ఎట్లు అందును? గృహిణియో, ఒక్క సాయంకాలమే మూడుమార్లు వడ్డించి, కడపట తాను ఆకలితో పస్తుండవలసి వచ్చును. ఒకరి వ్రతము మరొకరికి భారము కారాదు.

దీనికి ఉపాయము వర్తకులకు తెలియనిది కాదు. గల్లాపెట్టెకు వంతులు వేయువారు భోజనమునకును వంతులు వేయవచ్చును. ఒకనాడు తండ్రి, ఒకనాడు కొడుకు ఇంటికి పోయి పిల్లలతో పంక్తిని కూర్చుండవలెను. దుకాణము సెలవునాడు అందరును కలిసి తినవలెను. ట్యూషను వేళను అరగంట జరుపుమని ఉపాధ్యాయుని అడుగుట కష్టము కాదు. మగవారు కూరలు తరిగి ఇచ్చినచో వంటయు వేళకు ముగియును, గృహిణియు అందరితో కూర్చుండును.

ఆ గంటలో పోవు బేరము మరునాడు రావచ్చును. పిల్లల బాల్యము మరల రాదు.