నడుమ వచ్చిన నెమ్మది

తుపానును ఎన్నడును చూడనివాడు గాలికి భయపడును, అది సహజమే. అయితే వానికి గాలి వీచునప్పటికంటె గాలి ఆగినప్పుడే ఎక్కువ అపాయము. ఈ మాట వింతగా తోచవచ్చును గాని, 1926వ సంవత్సరమున అమెరికా దేశమందలి మయామి పట్టణములో జరిగిన సంగతిని విచారించినయెడల దీని భావము బోధపడును.

ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణ తీరముననున్న ఆ పట్టణములో 1920 జనాభా లెక్కల నాటికి సుమారు 30,000 మంది యుండిరి. తరువాతి ఐదారేండ్లలో స్థలముల వ్యాపారము వెఱ్ఱివలె ప్రబలెను. చలిప్రాంతపు ఉత్తర రాష్ట్రములనుండి జనులు తండోపతండములుగా దిగి, కొందరైతే కన్నులార చూడని భూమికే బయానా ఇచ్చిరి. జనసంఖ్య లక్షకు చేరెను. సముద్రమునకును అఖాతమునకును నడుమనున్న సన్నని దీవిమీద మడచెట్లు నరికి, అఖాతపు ఇసుకను తోడిపోసి, మయామి బీచ్ అను ఊరు కట్టిరి. ఈ క్రొత్తవారిలో అనేకులకు హరికేను అనునది వట్టి పేరు మాత్రమే. అట్లాంటిక్ ప్రాంతమున పెద్ద తుపానును అట్లు పిలుతురు.

సెప్టెంబరు 17, శుక్రవారమున హెచ్చరిక వెలువడునప్పటికి రాత్రి 11 గంటలు దాటెను. ఆ రాత్రియంతయు గాలి పైకప్పులను పెకలించెను. తెల్లవారి 6 గంటలు దాటిన పిమ్మట అది హఠాత్తుగా ఆగిపోయెను. తలుపులు తెరచుకొనెను. ఇరుగుపొరుగువారిని పలుకరించుటకును, నష్టమును చూచుకొనుటకును జనులు వీధులలో గుమిగూడిరి. కొందరు కార్లెక్కి, దీవినుండి పట్టణమునకు పోవు వంతెనదారి పట్టిరి. వాతావరణ కార్యాలయపు అధికారి రిచర్డ్ గ్రే వాకిట నిలిచి, తుపాను తీరలేదు, లోపలికి పొండని కేకలు వేసెనందురు. వినినవారెందరో! పౌలు ఎక్కిన ఓడవారును అనుకూలమైన చిరుగాలిని నమ్మియే రేవు విడిచిరని పాఠకులెరుగుదురు.

ఆ నెమ్మది సుమారు 35 నిమిషములుండెను. పిమ్మట గాలి దిక్కు మార్చుకొని మునుపటికంటె ఉగ్రముగా విసరెను. సముద్రపు నీరు అత్యధికముగా పొంగినది కూడ అప్పుడే. వీధులలోను వంతెనదారిమీదను ఉన్నవారు చిక్కుకొనిరి. ఫ్లోరిడాలో ఆ తుపానువలన మరణించినవారు 370 మందికి పైబడిరి.

దీనికి కారణము తుపాను కట్టడిలోనే యున్నది. భూమధ్యరేఖకు ఉత్తరమున తుపానుగాలి గడియారపు ముల్లుకు ఎదురుగా సుడి తిరుగును. సుడి నడుమ కన్ను అనబడు ఖాళీ యుండును. సాధారణముగా దాని అడ్డుకొలత 30 మొదలు 65 కిలోమీటర్లు. కన్ను చుట్టునున్న మేఘపు గోడలో గాలి మిక్కిలి తీవ్రము. కన్నులోపల గాలి మెల్లగా క్రిందికి దిగుటచేత మబ్బు విడిపోవును; ఒక్కొక్కప్పుడు ఎండయు కాయును. ఆవలి గోడ మాత్రము వెనుకనే వచ్చుచుండును. మయామిలో జనులు ఆకాశమును చూచి సంతోషించుచున్న ఆ వేళనే, గ్రే యొద్దనున్న భారమితి 27.61 అంగుళములకు దిగియుండెను. సాధారణముగా అది 30 అంగుళములకు దగ్గరగా నుండును. ఆకాశము ఒకటి చెప్పగా ముల్లు వేరొకటి చెప్పెను. ముల్లును చదువనేర్చినవారు ఆ పట్టణములో ఎందరు?

బంగాళాఖాతపు తుపానులకును ఇదే స్వభావము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన దినమును ఎరిగినవారికి తుపానునుగూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఎగువ జిల్లాలనుండి తీరపు పల్లెకు బదిలీయై వచ్చిన ఉపాధ్యాయునికిగాని పాదిరిగారికిగాని ఇది చెప్పవలసినదే. తుపాను ప్రక్కగా పోవునప్పుడు గాలి క్రమముగా దిక్కు మారుచు, మెల్లమెల్లగా తగ్గును. మహా ఉధృతములో ఉండగా ఒక్కసారిగా ఆగినయెడల అది కన్నేయని తలంచి, ఇల్లు గట్టిదైనచో లోపలనే యుండవలెను. పడమరగా సాగు తుపానులో మొదట ఉత్తరపు గాలియు, కన్ను దాటిన పిమ్మట దక్షిణపు గాలియు వీచును. కనుక ఆ కొద్ది నిమిషములలో చేయదగిన పని దక్షిణపు తలుపులకును కిటికీలకును గడియలు బిగించి, పిల్లలను ఉత్తరపు గదిలోనికి మార్చుటయే.