గుర్రం ఎందుకు తన్నుతుంది?

మా చిన్నతనంలో మా ఊరి రైలు స్టేషను ముందు అయిదారు జట్కాలు నిలబడి ఉండేవి. గుర్రపు తోక వెంట్రుక కడితే పులిపిరి రాలిపోతుందని అప్పట్లో ఒక నమ్మకం. (రాలదు లెండి. పులిపిరి వైరస్ వల్ల వస్తుంది. చాలా పులిపిర్లు కొంతకాలానికి వాటంతటవే పోతాయి. పేరు మాత్రం వెంట్రుకకు దక్కుతుంది.) నా స్నేహితుడొకడికి చేతిమీద పులిపిరి లేచింది. ఒకనాడు మధ్యాహ్నం వాడు చప్పుడు కాకుండా పిల్లిలా అడుగులు వేసుకుంటూ, చెట్టుకు కట్టేసి ఉన్న ఒక గుర్రం వెనక్కు చేరాడు. తోక అందుకున్నాడో లేదో, తొడమీద తన్ను పడింది. ఎముక విరిగి వాడు మూడు నెలలు మంచం దిగలేదు.

"పొగరుబోతు గుర్రం" అన్నాం మేమంతా. ఆ జట్కా తోలే తాత ఒప్పుకోలేదు. "పొగరు కాదు బాబూ, భయం. వాడు దానికి కనపడలా. కనపడకుండా వెనక చేరినవాడు ఎవడైనా సరే, దాని లెక్కలో పులే" అన్నాడు.

తాత జంతుశాస్త్రం చదువుకోలేదు. కాని ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఎట్లాగో చూద్దాం.

జట్కాలు ఇప్పుడు దాదాపు కనుమరుగయ్యాయి. అయినా గుర్రం మీకు ఎదురుపడదని అనుకోకండి. పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకు గుర్రమెక్కుతాడు. సముద్రపు ఒడ్డున, పార్కుల దగ్గర డబ్బులు తీసుకుని పిల్లలను గుర్రమెక్కించే వాళ్ళున్నారు. హైదరాబాదు పోలీసులకు గుర్రపు దళం ఉంది. పాడేరు ప్రాంతపు కొండ ఊళ్ళలో బండి పోలేని దారుల్లో గుర్రాలే బియ్యం, ఉప్పు, పప్పు మోస్తాయి. కాబట్టి ఈ సంగతులు తెలుసుకుని ఉండటం మంచిది.

గుర్రం మూడు నాలుగు వందల కిలోల జంతువు. అంత బలముండీ అది పిరికిది. ఎందుకంటే, అది గడ్డి మేసే జంతువు. దానికి కొమ్ములు లేవు, గోళ్ళు లేవు. దాని పూర్వీకులు విశాలమైన గడ్డి మైదానాలలో తిరిగేవి. తోడేళ్ళు, సింహాల వంటి క్రూరమృగాలు వాటికోసం పొంచి ఉండేవి. పొద కదిలినప్పుడు "అది గాలా, తోడేలా?" అని ఆలోచిస్తూ నిలబడిన గుర్రానికి సంతానం మిగలలేదు. ముందు పరుగెత్తి, ఆ తరువాత వెనుదిరిగి చూసిన గుర్రాల సంతానమే ఇప్పుడు మనం చూస్తున్న గుర్రాలు. పుట్టిన పిల్ల గంటా రెండు గంటలలోనే లేచి నిలబడుతుంది. నిలబడిన కొద్దిసేపటికే తల్లివెంట పరుగెత్తగలుగుతుంది. పరుగే దాని ఆయుధం. పరుగుకు దారి లేనప్పుడు మాత్రమే అది తన్నుకు దిగుతుంది. గుర్రాన్ని తాడుతో చెట్టుకు కట్టేశామంటే దాని మొదటి ఆయుధాన్ని మనమే లాగేసుకున్నామన్నమాట. మిగిలింది రెండోది.

ఇప్పుడు కళ్ళ సంగతి. మీరొక చిన్న ప్రయోగం చేయండి. గోడమీద ఒక గుర్తు పెట్టి, తల తిప్పకుండా దానినే చూస్తూ కూర్చోండి. మీ స్నేహితుడిని వెనుక నిలబడి, ఒక పెన్సిలును ఊపుతూ మీ చెవి పక్కనుంచి నెమ్మదిగా ముందుకు తీసుకురమ్మనండి. పెన్సిలు కనపడగానే "ఆగు" అనండి. రెండు వైపులా ఇట్లా చేస్తే, మీరు ఒకేసారి చూడగలిగే మేర సుమారు అర్ధవృత్తం అని, అంటే 180 డిగ్రీలకు అటూ ఇటూ ఉందని తేలుతుంది.

మరి గుర్రానికి? సుమారు 350 డిగ్రీలు! నేలమీద తిరిగే జంతువులలో గుర్రం కన్ను చాలా పెద్దది. పైగా కళ్ళు రెండూ తలకు చెరొక పక్కన ఉంటాయి. కంటిపాప అడ్డంగా పొడుగ్గా ఉంటుంది. తల వంచి గడ్డి మేస్తూనే అది చుట్టూ ఉన్న మైదానమంతా కనిపెట్టగలదు. అయితే వృత్తానికి 360 డిగ్రీలు గదా! మిగిలిన ఆ కాస్త చోటు సరిగ్గా దాని తోక వెనుక ఉంది. నా స్నేహితుడు వెళ్ళి నిలబడింది అక్కడే. నుదుటికి ఎదురుగా అతి దగ్గరలోనూ, ముట్టె కిందా కూడా దానికి కనపడదు. తెలియని గుర్రం నుదుటిమీద ఎదురుగా వెళ్ళి చెయ్యి వేస్తే అది ఉలిక్కిపడి తల ఎగరేసేది అందుకే. ఆ తల తగిలిందంటే మీ పళ్ళు ఊడతాయి.

రెండు కళ్ళతోనూ కలిపి చూస్తేనే ఒక వస్తువు ఎంత దూరంలో ఉందో బాగా తెలుస్తుంది. గుర్రానికి రెండు కళ్ళ చూపూ కలిసే మేర తక్కువ. అదికూడా ముక్కు వెంబడి కిందికి వాలి ఉంటుంది. దూరంగా ఉన్నదాన్ని పరీక్షగా చూడాలంటే అది తల పైకెత్తక తప్పదు. కాబట్టి తల ఎత్తి, చెవులు నిక్కించి ఒకవైపే చూస్తున్న గుర్రం "అక్కడేదో ఉంది, అదేమిటో తేలనివ్వండి" అంటోందని అర్థం. అప్పుడు పగ్గం పట్టి గుంజకండి. దానికి తేల్చుకునే వ్యవధి ఇవ్వాలి. ఎండలోంచి చీకటి కొట్టంలోకి అడుగు పెట్టేటప్పుడు గుమ్మం దగ్గర మొరాయించడం కూడా మొండితనం కాదు. వెలుగునుంచి చీకటికి అలవాటు పడటానికి దాని కళ్ళకు మనకన్నా ఎక్కువ సేపు కావాలి.

జట్కా గుర్రానికి కళ్ళ పక్కన తోలు గంతలు కట్టడం పెద్దవాళ్ళు చూసే ఉంటారు. అంత విశాలమైన చూపున్న జంతువుకు వెనుక తిరుగుతున్న చక్రాలు, పక్కనుంచి దూసుకువచ్చే బస్సులు అన్నీ కనపడతాయి. అవి తనను తరుముతున్నాయని బెదురుతుంది. గంతలు కడితే ఎదుటి దారి ఒక్కటే కనపడుతుంది.

నీడను చూసి బెదిరిన గుర్రం కథ ఒకటుంది. మాసిడోనియా రాజు దగ్గరకు బుసెఫలస్ అనే గుర్రాన్ని అమ్మకానికి తెచ్చారు. ఎవ్వరినీ ఎక్కనివ్వలేదది. రాజు కొడుకు, కుర్రవాడైన అలెగ్జాండరు, అది తన నీడను చూసి బెదురుతోందని కనిపెట్టి, దాని మొహం సూర్యుడివైపు తిప్పాడు. నీడ వెనక్కు పోయింది. గుర్రం శాంతించింది. దీన్ని రాసిన ప్లూటార్కు నాలుగు వందల సంవత్సరాల తరువాతివాడు గనుక, అంతా ఇట్లాగే జరిగిందని సాక్ష్యం చెప్పలేం. కాని గుర్రాలతో పనిచేసిన వాళ్ళెవరూ ఈ కథను కొట్టిపారేయరు.

గుర్రం మనసులో ఏముందో బయటపెట్టేవి ముఖ్యంగా చెవులు. ఒక్కొక్క చెవినీ విడిగా, ముందునుంచి వెనక్కు అర్ధవృత్తం మేర తిప్పగలదు. మనిషి చెవికి సెకనుకు 20,000 కంపనాలకు మించిన ధ్వని వినపడదు. గుర్రానికి 33,000కు పైగా ఉన్నా వినపడుతుంది. ఒక చెవి మీవైపు తిరిగి ఉంటే అది మిమ్మల్ని వింటోంది. రెండు చెవులూ పక్కలకు వాలి, కింది పెదవి వేలాడుతూ, వెనుక కాలు ఒకటి గిట్ట మొనమీద ఆన్చి ఉంటే అది హాయిగా ఉంది, బహుశా కునుకు తీస్తోంది. చెవులు వెనక్కు మడిచి మెడకు అతికించిందా, జాగ్రత్త! కరవడానికో తన్నడానికో సిద్ధంగా ఉందన్నమాట. తోకను కాళ్ళ మధ్యకు గట్టిగా నొక్కి పెట్టినా, కంట్లో తెల్లగుడ్డు కనపడుతూ ముక్కుపుటాలు విప్పారినా భయపడుతోందని తెలుసుకోండి. తోక ఊపడం మాత్రం కుక్కలాగా సంతోషానికి కాదు. ఈగలను తోలడానికయినా కావచ్చు, చిరాకుకయినా కావచ్చు.

పెదవి పైకి మడిచి పళ్ళన్నీ బయటపెట్టిన గుర్రాన్ని చూసి "నవ్వుతోంది" అంటారు. నవ్వు కాదది. ఏదో కొత్త వాసన తగిలి, దాన్ని ముక్కు లోపల ఉన్న జాకబ్సన్ అవయవం అనే భాగానికి పంపుతోంది.

పైన కునుకు అన్నాను గదా! గుర్రం నిలబడే నిద్రపోగలదు. కండరాలు అలసిపోకుండా కాలి కీళ్ళను తాళం వేసినట్లు బిగించి ఉంచే ఏర్పాటు దానికి ఉంది. గాఢనిద్రకు మాత్రం పడుకోవాలి. కాబట్టి నిలబడి ఉంది గదా, మెలకువగానే ఉందని అనుకోకూడదు. ముందు పలకరించండి. "ఏమే, బాగున్నావా" అనండి, పాఠం అప్పజెప్పండి, ఏదైనా సరే. గొంతు మెల్లగా, మామూలుగా ఉండాలి. చెవి మీవైపు తిరిగిన తరువాతే కదలండి.

మనం గుర్రాన్ని గమనించడం ఒక ఎత్తయితే, గుర్రం మనల్ని గమనించడం ఇంకొక ఎత్తు. బెర్లిన్ నగరంలో హాన్స్ అనే గుర్రం ఉండేది. దాని యజమాని వాన్ ఆస్టెన్ లెక్కల మాస్టారుగా పనిచేసినవాడు. కూడికలు, తీసివేతలు అడిగితే హాన్స్ గిట్టతో అన్నిసార్లు నేలను తట్టి జవాబు చెప్పేది. 1904లో పండితుల సంఘం ఒకటి పరీక్షించి, ఇందులో మోసం ఏమీ లేదని తేల్చింది. మరి గుర్రానికి లెక్కలు వచ్చా? ఆస్కార్ ఫంగ్‌స్ట్ అనే శాస్త్రజ్ఞుడు ప్రశ్న అడిగేవాళ్ళకే జవాబు తెలియకుండా చేశాడు. హాన్స్ తప్పింది. అడిగేవాళ్ళు గుర్రానికి కనపడకుండా గంతలు కట్టి చూశాడు. అప్పుడూ తప్పింది. అసలు జరుగుతున్నదేమిటంటే, ప్రశ్న అడిగినవాడు గిట్టవైపు చూస్తూ తల కొద్దిగా వంచేవాడు. సరైన అంకె రాగానే, తనకు తెలియకుండానే తల నూలువాసి ఎత్తేవాడు. గుర్రం తట్టడం ఆపేసేది! ఫంగ్‌స్ట్ ఈ సంగతిని 1907లో ప్రకటించాడు. వాన్ ఆస్టెన్ పాపం ఒప్పుకోనే లేదు. నన్నడిగితే, గుర్రానికి లెక్కలు రావడం కన్నా ఇదే గొప్ప.

2009లో స్వీడన్‌లో ఇంకొక ప్రయోగం వెలువడింది. మనుషులు గుర్రాలను పట్టుకుని, ఎక్కి ఒకే దారిలో మూడుసార్లు నడిపించారు. నాలుగోసారి బయలుదేరే ముందు "ఈసారి గుర్రం పక్కన గొడుగు తెరుస్తాం" అని వాళ్ళతో చెప్పారు. నిజానికి గొడుగు తెరవనే లేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది. దాంతోపాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది! మీరు బెదిరితే మీ పక్కనున్న గుర్రమూ బెదురుతుంది. "గుర్రం దగ్గర అరవవద్దు, పరుగెత్తవద్దు" అని పెద్దలు కేకలేసేది ఇందుకే. (ఆ కేకలు కూడా వెయ్యకుండా ఉంటే బాగుండేది.)

ఇక దగ్గరకు వెళ్ళే పద్ధతి. ముందు యజమానిని అడగండి. ఆయన సరేనంటే, ఎదురునుంచీ కాకుండా వెనుకనుంచీ కాకుండా, భుజం వైపుగా ఏటవాలుగా వెళ్ళండి. సాధారణంగా ఎడమ పక్కనుంచి వెళ్ళడం ఆచారం. చాలా గుర్రాలు దానికే అలవాటు పడి ఉంటాయి. మొదటి చెయ్యి భుజంమీద వెయ్యండి, మొహంమీద కాదు. చిటికెడు తాకి ఊరుకోవడం కన్నా నిండు అరచేత్తో నిమరడం మేలు. వేలికొస తగిలితే ఈగ వాలిందనుకుంటుంది. దాని పక్కన చతికిలబడి కూర్చోకండి, కడుపు కిందనుంచి దూరకండి.

వెనుకనుంచి దాటవలసి వస్తే కనీసం నాలుగు మీటర్ల దూరంలో దాటండి. గుర్రాలు తోమేవాళ్ళు దాని తుంటికి ఆనుకుని, చెయ్యి తియ్యకుండా, మాట్లాడుతూ దాటిపోవడం మీరు చూస్తారు. అంత దగ్గరలో కాలికి వేగం అందుకునే చోటు ఉండదు. సుత్తిని జానెడు ఎత్తునుంచి కొట్టడానికీ, చెయ్యి బారుగా ఎత్తి కొట్టడానికీ తేడా ఎంతో ఆలోచించండి. అన్నిటికన్నా ప్రమాదం ఒక మీటరు, రెండు మీటర్ల దూరం. పెళ్ళి ఊరేగింపులో పిల్లలు గుంపుగా చేరేది సరిగ్గా ఆ దూరంలోనే! పైన బ్యాండుమేళం, పక్కన టపాకాయలు. ఆ గుర్రం పరుగెత్తడానికి వీల్లేదు, వెనుక ఎవరున్నారో కనపడదు. టపాకాయలు కాల్చే చోట మీరు గుర్రానికి దూరంగా, పక్కకు ఉండండి. చిన్నపిల్లలను చెయ్యి పట్టుకుని ఇవతలికి తీసుకురండి.

తాడు పట్టుకోమని ఇస్తే చేతికి గాని నడుముకు గాని చుట్టుకోవద్దు. మడతలు వేసి పిడికిట పట్టుకోండి. గుర్రం ఒక్కసారి గుంజిందంటే చుట్టు బిగిసి వేళ్ళు తెగిన సందర్భాలున్నాయి. అది పరుగు లంకించుకుంటే తాడు వదిలెయ్యండి. పరుగెత్తే గుర్రానికి అడ్డం వెళ్ళవద్దు.

కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీళ్ళతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. ధనుర్వాతం కలిగించే బాక్టీరియా గుర్రపు లద్దెలో ఉంటుంది. గుర్రానికి పిచ్చికుక్క కరిచి ఉంటే రేబిస్ కూడా రావచ్చు. తలకో కడుపుకో తన్ను తగిలితే, పైకి ఏమీ కనపడకపోయినా డాక్టరుకు చూపించాలి.

తినడానికి ఏమైనా పెట్టాలని మీకు సరదాగా ఉంటుంది. దీనికీ యజమానిని అడగాలి. గుర్రం వాంతి చేసుకోలేదు. తినకూడనిది తింటే కడుపునొప్పితో చచ్చిపోవచ్చు. కారెట్టు ముక్కో గుప్పెడు గడ్డో పెట్టమంటే, అరచేతిని పళ్ళెంలాగా చదునుగా చాపి, వేళ్ళు దగ్గరగా చేర్చి, బొటనవేలు కూడా పక్కకు అదిమి పెట్టండి. ముట్టె కింద ఉన్నది దానికి కనపడదని చెప్పుకున్నాం గదా! అక్కడ అది కళ్ళతో కాక, మూతి చుట్టూ ఉన్న బిరుసు వెంట్రుకలతో తడుముకుంటుంది. అవి అరచేతికి తగిలితే చక్కిలిగింతలు పుడతాయి. చెయ్యి మాత్రం చటుక్కున వెనక్కు లాక్కోకండి.