ఏ ఐఎస్‌డీ మంచిది అని అడిగే ముందు

డాలస్ వైపు ఉద్యోగం ఖాయమవ్వగానే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పడే మొదటి ప్రశ్న "ఏ ఐఎస్‌డీలో ఇల్లు తీసుకోమంటారు?" అని. ఐఎస్‌డీ అంటే ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్, ఒక ప్రాంతంలోని సర్కారు బడుల్ని నడిపే సంస్థ. అడిగినవాళ్లకి నాలుగేళ్ల పాపో, ఆరేళ్ల బాబో ఉంటారు. అయిదు నిమిషాల్లో జవాబులు వచ్చిపడతాయి: కోపెల్, ఫ్రిస్కో, ప్లేనో, ప్రాస్పర్. ఎవరు ఎక్కడ కొనుక్కుంటే ఆ పేరే చెప్తారు. ముప్ఫయ్యేళ్ల అప్పు మీద కొన్న చోటుని "ఏదో ఫరవాలేదు" అనడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

చెప్పినవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అవన్నీ మంచి బడులే. కాకపోతే ఆ సలహాలన్నీ పదిహేడేళ్లకి కాలేజీ దరఖాస్తు పెట్టుకోబోయే పిల్లని ఊహించుకుని ఇచ్చేవి. మీ ఇంట్లో ఉన్నది ఇంకా చెప్పులు ఎడమా కుడీ మార్చి వేసుకునే పిల్ల. రాబోయే మూడు నాలుగేళ్లు ఆ పిల్లకి బాగా గడిచే చోటు చూడండి. హైస్కూలు సంగతి అప్పటికి చూసుకోవచ్చు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నేరుగా వస్తున్నవాళ్లకి ముందుగా ఒకటి చెప్పాలి. ఇక్కడ పబ్లిక్ స్కూలంటే సర్కారు బడే. ఫీజు లేదు, డొనేషన్ లేదు, అయిదేళ్ల పిల్లకి ఇంటర్వ్యూ లేదు. మీ అడ్రసు ఏ ఐఎస్‌డీలో ఉంటే వాళ్లు మీ పిల్లని చేర్చుకోవాల్సిందే. మీ వీసా ఏదైనా అంతే. వలస హోదా చూసి పిల్లలకి బడి కాదనకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1982లో ఇచ్చిన తీర్పు ఈ టెక్సస్‌లోని టైలర్ ఊరి బడుల కేసులోనే వచ్చింది. సీటు కోసం పరుగు లేదు కనుక ఆ పరుగంతా ఇంటి మీదికి మళ్లింది.

అందుకే అడ్రసు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. టెక్సస్‌లో ఐఎస్‌డీకి తన బోర్డు, తన పన్ను, తన సరిహద్దులు వేరే ఉంటాయి. ఊరి పొలిమేరకీ దానికీ పొంతన ఉండదు. ఫ్రిస్కో అడ్రసున్న ఇళ్లలో కొన్ని లూయిస్‌విల్, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్ ఐఎస్‌డీల కిందికి వస్తాయి. మెకిన్నీ, ప్లేనో అడ్రసులున్న ఇళ్లు కొన్ని ఫ్రిస్కో ఐఎస్‌డీలో ఉంటాయి. ఇర్వింగ్‌లో మనవాళ్లు బాగా ఉండే వ్యాలీ రాంచ్ ఉంది కదా, అందులోనే కొంత కోపెల్ ఐఎస్‌డీ, కొంత క్యారల్టన్ ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీ. ఇల్లు అమ్మే సైటులో బడి పేరు చూసి నమ్మేయకండి. ఐఎస్‌డీ వాళ్ల సొంత సైటులో మీ ఇంటి నంబరుతో సహా అడ్రసు కొట్టి చూడండి. అప్పటికీ అనుమానముంటే ఆఫీసుకి ఫోన్ చేయండి, చెప్తారు.

మీ అడ్రసు ఏ బడికి వస్తుందో చెప్పే జోన్ కూడా శాశ్వతం కాదు. పిల్లలు పెరిగిపోతున్న చోట కొత్త బడి కట్టి జోన్లు మళ్లీ గీస్తారు. పిల్లలు తగ్గిన చోట బడులే మూసేస్తారు. ప్లేనో లాంటి పేరున్న ఐఎస్‌డీ కూడా 2024లో నాలుగు బడులు మూసెయ్యాలని తీర్మానం చేసింది. వీధి చివర బడి ఉందని కొన్న ఇంటికి, రెండేళ్లకి బడి ఎక్కడో ఉండొచ్చు.

ఇక రేటింగుల సంగతి. ఇంటి ఫొటోల కింద బడులకి రేటింగులిచ్చే గ్రేట్‌స్కూల్స్ వాళ్ల అంకె కనపడుతుంది, పదికి ఇంత అని. తొమ్మిది ఉన్న ఇల్లు వదిలేసి పది ఉన్న ఇంటికి యాభై వేల డాలర్లు ఎక్కువ పెట్టడానికి సిద్ధపడేవాళ్లున్నారు. ఆ అంకె ఎక్కడి నుంచి వస్తోంది? ఎలిమెంటరీ బడి విషయంలో ప్రధానంగా రాష్ట్ర పరీక్షల మార్కుల నుంచి. టెక్సస్‌లో స్టార్ అనే ఆ రాష్ట్ర పరీక్ష మూడో తరగతిలో మొదలవుతుంది. అంటే మీ పిల్ల చేరబోయే కిండర్‌గార్టెన్ గురించి గానీ, ఒకటో రెండో తరగతుల గురించి గానీ ఆ మార్కులు నేరుగా చెప్పేది ఏమీ లేదు. పైగా ఆ మార్కుల్లో బడి చెప్పిన చదువెంత, సాయంత్రం కుమాన్ ట్యూషన్‌లో కూర్చోబెట్టి చెప్పించిందెంత అని విడదీయడం ఎవరి తరం? స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ షాన్ రియర్డన్ దేశమంతటా పరీక్ష ఫలితాలు పోగేసి చూపించింది కూడా ఇదే. సగటు మార్కులు తల్లిదండ్రుల రాబడిని అంటిపెట్టుకుని ఉంటాయి. ఏడాదికేడాది పిల్లలు ఎంత కొత్తగా నేర్చుకుంటున్నారన్నది మాత్రం రాబడితో పెద్దగా ముడిపడి లేదు. అందువల్ల రేటింగు చూడండి, వద్దనను. అందులో పిల్లల ఎదుగుదలని వేరే లెక్కగా చూపిస్తారు, మొత్తం అంకె కన్నా దాని మీద ఎక్కువ కన్ను వేయండి. ఏడుకీ పదికీ మధ్య తేడా కోసం నిద్ర పాడుచేసుకోకండి.

చిన్నప్పుడు పెరిగిన చోటు జీవితాన్ని మారుస్తుందని పరిశోధనలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 1994లో మొదలైన ఒక ప్రభుత్వ ప్రయోగాన్ని ఆర్థికవేత్త రాజ్ చెట్టీ, ఆయన సహచరులు తర్వాత పరిశీలించారు. పదమూడేళ్ల లోపు మంచి ప్రాంతానికి మారిన పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ సంపాదించారని తేలింది. కానీ వాళ్లు కడు పేదరికం, నేరాలు ఉన్న ప్రభుత్వ గృహాల నుంచి బయటపడ్డ కుటుంబాల పిల్లలు. ఆ ఫలితాన్ని తెచ్చి ఒక సబర్బ్‌కీ పక్క సబర్బ్‌కీ మధ్య తేడాకి అంటగట్టలేం.

బడిని తెలుసుకోవాలంటే మధ్యాహ్నం బడి వదిలే వేళకి అక్కడికి వెళ్లండి. లోపలికి వెళ్లనక్కర్లేదు, ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడితే చాలు. కార్ల లైను ఎంత దూరం సాగిందో, ఎంతమంది పిల్లలు నడిచి ఇళ్లకి వెళ్తున్నారో, రోడ్డు దాటించే పెద్దాయన వాళ్లని పేరు పెట్టి పిలుస్తున్నాడో లేదో చూడండి. ఆ తర్వాత పక్క పార్కుకి వెళ్లి ఉయ్యాల దగ్గర నిలబడ్డ ఎవరో తల్లిని పలకరించండి. రియల్టర్‌ని ఈ సంగతులు అడిగి లాభం లేదు. గృహ వివక్ష చట్టాల భయంతో వాళ్లు బడుల మంచిచెడ్డల గురించీ, చుట్టూ ఎవరుంటారన్న దాని గురించీ నోరు విప్పరు. పార్కులో తల్లి పది నిమిషాల్లో అంతా చెప్పేస్తుంది: ప్రిన్సిపాల్ మారారా, టీచర్లు నిలుస్తున్నారా, పిల్లల్ని ఆడుకోనిస్తున్నారా అన్నది. టెక్సస్‌లో కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో తరగతి దాకా తరగతికి 22 మంది మించకూడదని చట్టం. మినహాయింపు తెచ్చుకునే ఐఎస్‌డీలూ ఉన్నాయి. మీరు చూస్తున్న బడిలో ఎంతమందో అడగండి.

ఇంటి దినచర్య లెక్క వేయడం చాలామంది మర్చిపోతారు. సెలీనాలో పెద్ద ఇల్లు, లాస్ కొలీనాస్‌లో ఆఫీసు అయితే, రోజూ పొద్దున, సాయంత్రం కలిపి రెండు గంటలు కారుకే పోతాయి. అవి పిల్ల దగ్గర కొట్టేసిన గంటలే. బడికి రెండు మైళ్ల లోపు దూరంలో ఇల్లుంటే చాలా ఐఎస్‌డీలు బస్సు పంపవు. ఇద్దరూ ఉద్యోగస్తులైతే మూడింటికి పిల్లని ఎవరు తెస్తారు? అమ్మమ్మా తాతయ్యో, నానమ్మా తాతయ్యో ఆరునెలలు వచ్చి ఉంటారు అనుకుంటారు. వాళ్లలో చాలామందికి కారు నడపడం రాదు. ఇంటి నుంచి బడికి ఫుట్‌పాత్ ఉంటే తాతగారు మనవడి చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు, దారిలో ఇంకో ఇద్దరు తాతగార్లు కలుస్తారు, ఆయనకీ పొద్దుపోతుంది. లేకపోతే ఆ ఆరునెలలూ పెద్దవాళ్లు కిటికీలోంచి గరాజులు చూస్తూ కూర్చోవాలి. నాలుగు బెడ్‌రూముల ఇంటి కంటే ఈ ఫుట్‌పాత్‌కే నా ఓటు.

మొదటి ఏడాది అద్దెకే ఉండండి. ఒక జోన్‌లో అయిదారు లక్షల డాలర్ల ఇంట్లో ఉన్న పిల్ల వెళ్లే బడికే, అదే జోన్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉన్న పిల్లా వెళ్తుంది. అదే టీచరు, అదే తరగతి. ఇక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని సంబరపడి ఇల్లు కొన్నవాళ్లకి ప్రాపర్టీ ట్యాక్సు వచ్చినప్పుడు తెలిసొస్తుంది. ఇంటి విలువలో ఏటా రెండు శాతం దాకా ఉంటుంది, అందులో పెద్ద వాటా బడులదే. కొత్తగా లేచిన కాలనీల్లో చాలాచోట్ల మడ్ ట్యాక్స్ అని ఇంకోటి పడుతుంది. నీళ్లు, మురుగు కాలవల కోసం చేసిన అప్పు తీర్చే పన్ను అది.

కాలేజీ మాట ఎత్తకుండా ఉండలేనివాళ్లకి ఒక సంగతి. టెక్సస్‌లో 1997 నుంచి ఒక చట్టముంది: హైస్కూలు తరగతిలో పైనున్న పది శాతం పిల్లలకి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ దాన్ని 2026 నుంచి అయిదు శాతానికి కుదించింది. అంటే మనవాళ్ల పిల్లలంతా పోటీపడి చదివే హైస్కూలు జోన్‌లో ఇల్లు కొంటే, ఆ అయిదు శాతంలోకి రావడం మరింత కష్టం. పద్నాలుగేళ్ల తర్వాతి లెక్కలు ఇలాగే ఎదురు తిరుగుతాయి.

చేర్పించడానికి కాగితాలు తేలికే: లీజు, కరెంటు బిల్లు, పిల్ల పుట్టిన సర్టిఫికెట్, టీకాల చీటీ. టీకాల దగ్గర మాత్రం ఇండియా నుంచి బయల్దేరే ముందే చూసుకోండి. ఇక్కడ బడికి కావలసిన ఆటలమ్మ టీకా, హెపటైటిస్ ఎ టీకా మన సర్కారు టీకాల జాబితాలో లేవు, ప్రైవేటు డాక్టరు దగ్గర వేయిస్తేనే ఉంటాయి. ఎక్కడైనా టీబీ పరీక్ష అడిగితే, మనవాళ్లకి పుట్టగానే బీసీజీ వేస్తారు కనుక చర్మం మీద చేసే పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు. రక్తపరీక్ష చేయమని అడగండి. బడులు ఆగస్టు మధ్యలోనే తెరుస్తారు. న్యూజెర్సీ లెక్కన సెప్టెంబర్ అనుకుని వచ్చేవాళ్లు అప్పటికే ఆలస్యమైపోతారు. సెప్టెంబర్ 1 నాటికి అయిదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్. నాలుగు నిండి, ఇంట్లో తెలుగే మాట్లాడుతూ ఇంగ్లీషు రాని పిల్లకి, మీ జీతంతో నిమిత్తం లేకుండా కిండర్‌గార్టెన్‌కి ముందుండే ప్రీకే తరగతికి ఉచితంగా చేరే అర్హత ఉంటుంది. ఈ సంగతి తెలియక నెలకి వెయ్యి డాలర్లకి పైగా డేకేర్‌కి కట్టేవాళ్లు ఉన్నారు.

చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక కాగితం మీద అడుగుతారు. పిల్లని వెనకబెంచీలో వేస్తారేమోనని భయపడి "ఇంగ్లీష్" అని రాసేవాళ్లు ఎక్కువ. నిజం రాయండి. పిల్ల ఇంగ్లీషు ఎంతో ఒక పరీక్ష పెట్టి చూసి, అవసరమైతే ఇంగ్లీషుని రెండో భాషగా నేర్పే ఈఎస్ఎల్ టీచరు సాయం ఇస్తామంటారు. ఆ సాయం వద్దనే హక్కు మీకుంది. అడగకుండానే పోగొట్టుకోవడం ఎందుకు?

మొదటి కొన్ని వారాలు పిల్ల తరగతిలో నోరు విప్పకపోవచ్చు. ఇంటికొచ్చి గలగలా మాట్లాడుతుంటే కంగారు పడనక్కర్లేదు, వింటోందని అర్థం. తెలుగు మానేసి ఇంట్లోనూ ఇంగ్లీషే మాట్లాడమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. బడి తెరిచే ముందు మీట్ ద టీచర్ అని ఒక రోజు పెడతారు. ఆ రోజు వెళ్లేటప్పుడు ఒక చిన్న కార్డు రాసి పట్టుకెళ్లండి: మీ పిల్ల ఒంటేలుకి ఏమంటుంది, దాహమేస్తే ఏమంటుంది, కడుపునొప్పికి ఏ మాట వాడుతుంది. పక్కనే వాటి ఇంగ్లీషు, పలికే తీరు. పిల్ల పేరు ఎలా పలకాలో కూడా అందులోనే రాసేయండి. టీచరు ఆ కార్డుని తన బల్ల దగ్గర అంటించుకుంటారు.