మెత్తగా ఉడికిన మాంసం, శుభ్రమైన చేతులు



ఇంట్లో ఒకరికి హఠాత్తుగా ఫిట్స్ వచ్చి, స్కానింగ్‌లో మెదడులో పురుగు తిత్తి ఉందని తెలిస్తే కుటుంబ సభ్యులు సాధారణంగా అడిగే ప్రశ్న: "డాక్టరు గారూ, పంది మాంసం తిన్నందుకే వచ్చిందా?" మరికొందరు, "మేము ఎన్నడూ తినలేదే, మాకెలా వచ్చింది?" అంటారు. ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలుసుకొని, ఈ మాంసాన్ని క్షేమంగా వండే పద్ధతి కూడా నేర్చుకుందాం.

వ్యాధి ఎలా వస్తుంది?

బద్దె పురుగు సోకిన పంది మాంసంలో చిన్న తెల్లని నీటి తిత్తులు ఉంటాయి. సరిగా ఉడకని మాంసంతో అవి మన కడుపులోకి వెళితే, పేగులో 2 నుండి 7 మీటర్ల పొడవైన పురుగుగా పెరుగుతాయి. ఆ మనిషి మలంలో పురుగు గుడ్లు బయటికి వస్తాయి. పంది ఆ మలాన్ని తింటే దాని కండలో మళ్లీ తిత్తులు ఏర్పడతాయి.

అవే గుడ్లు మురికి చేతులు, కడగని కూరగాయలు, కలుషితమైన నీటి ద్వారా మనిషి నోటిలోకి వెళితే తిత్తులు మనిషి కండలోను, మెదడులోను ఏర్పడతాయి. ఫిట్స్‌కు కారణం ఇదే. అంటే, ఉడకని మాంసం వల్ల వచ్చేది పేగులో పురుగు; మెదడు వ్యాధి వచ్చేది గుడ్ల వల్ల. అందుకే శాకాహారులకు కూడా వస్తుంది. న్యూయార్కులో పంది మాంసం ముట్టని యూదు కుటుంబాల్లో ఈ వ్యాధి కనిపించినట్లు 1992లో వైద్యులు ప్రచురించారు. వారి ఇళ్లలో పనిచేసినవారిలో ఒకరికి పురుగు ఉన్నట్లు పరీక్షలో తేలింది.

నిదానంగా వండే పద్ధతి

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పంది భుజం మాంసాన్ని సన్నని సెగపై గంటల తరబడి వండి, పీచులుగా విడదీసి తింటారు. దానిని పుల్డ్ పోర్క్ అంటారు. మన ఇంట్లో కూడా చేసుకోవచ్చు.

1. కిలో భుజం మాంసాన్ని మూడు నాలుగు పెద్ద ముక్కలుగా కోయండి. తెల్లని తిత్తులు కనిపిస్తే ఆ మాంసం వాడకండి. కనిపించకపోయినా బాగా ఉడికించాల్సిందే.

2. అల్లం వెల్లుల్లి ముద్ద, మిరియాలు, పసుపు, కొద్దిగా ఉప్పు, రెండు చెంచాల వెనిగర్ పట్టించండి.

3. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు ఉల్లిపాయలు వేయించి, మాంసం, సగం మునిగేంత నీళ్లు వేయండి. మరిగాక మూతపెట్టి సన్నని సెగపై సుమారు 3 గంటలు ఉంచండి. మధ్యలో ముక్కలు తిప్పుతూ, నీళ్లు ఇగిరితే వేడినీళ్లు పోయండి.

4. ఫోర్కుతో లాగితే పీచుగా విడిపోవాలి. విడిపోకపోతే ఇంకా ఉడికించండి.

5. పైన తేలిన కొవ్వు తీసివేసి, మాంసాన్ని విడదీసి రసంలో కలపండి. బి.పి., గుండె జబ్బు ఉన్నవారు కొద్దిగానే తినాలి.

మాంసం మధ్యభాగం 71 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరితే పురుగు తిత్తులు చనిపోతాయి. భుజం మాంసం పీచుగా విడిపోవడానికి సుమారు 90 డిగ్రీలు కావాలి. కాబట్టి థర్మామీటరు లేని ఇంట్లో ఆ ఫోర్కే థర్మామీటరు. ఈ రోజు సగం ఉడికించి, మిగతాది రేపు ఉడికించడం మంచిది కాదు. మిగిలిన కూరను 2 గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు పొగలు వచ్చేలా మరిగించండి.

వంటింటి బయట చేయవలసినవి

మాంసం ఎంత బాగా ఉడికించినా, చేతులు శుభ్రంగా లేకపోతే ప్రమాదం పోదు. మరుగుదొడ్డి వాడండి. మలవిసర్జన తరువాత, వండే ముందు, తినే ముందు సబ్బుతో చేతులు కడగండి. పచ్చిగా తినే కూరగాయలు మంచినీటితో బాగా కడగండి. పందులను పెంచేవారు వాటిని దొడ్డిలో కట్టడి చేయాలి. మలంలో తెల్లని రిబ్బను ముక్కల వంటివి కనిపిస్తే సిగ్గుపడకుండా ఆసుపత్రికి రండి. పురుగు పోవడానికి మందులు ఉన్నాయి, కానీ స్వంతంగా కొని వాడవద్దు. మెదడులో తిత్తులు ఉంటే కొన్ని మందుల వల్ల ఫిట్స్ రావచ్చు.

ఫిట్స్ శాపం కాదు, దయ్యం కాదు. అది వైద్యం ఉన్న వ్యాధి. అటువంటివారిని దూరం పెట్టక, ప్రార్థనతో పాటు వైద్యానికి కూడా తీసుకురండి.

ఆలోచించండి

1. మాంసం తినని వ్యక్తికి ఈ వ్యాధి ఎలా వస్తుంది?
2. మాంసం పూర్తిగా ఉడికిందని ఎలా తెలుసుకుంటారు?
3. మీ ఇంట్లో చేతులు కడిగే చోట సబ్బు ఉందా?