మొదలుపెట్టిన పుస్తకమే పెట్టెలోకి

అమెరికాలో కూతురి పురుటికి వెళ్ళే తల్లి సూట్‌కేసులో ఏమేం ఉంటాయో తెరవకుండానే చెప్పేయవచ్చు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, శొంఠి, వాము, పాత నేతచీరలు చింపి కుట్టిన బొంతలు, బారసాలకు వెండి గిన్నె. వీటన్నిటి అడుగున, ఇంట్లో ఎవరి కంటా పడకుండా దూర్చిన లావుపాటి పుస్తకం ఒకటి. చాలాసార్లు అది ‘వేయిపడగలు’ అయి ఉంటుంది. ఆరు నెలలు గడిచాక, అట్ట కూడా నలగకుండా, అదే పెట్టె అడుగున తిరిగొస్తుంది.

అది రాసిన విశ్వనాథవారి మీద నాకేం కోపం లేదు. కోపమల్లా “ఇక్కడ తీరిక దొరకడం లేదు, అక్కడ నింపాదిగా చదువుకుంటా” అనే మాట మీద. ఇక్కడ పదేళ్ళుగా బీరువాలో ఉన్నదాన్ని తెరవని మనిషి డాలస్‌లో దిగగానే తెరుస్తుందా? అమ్మా, ఆ పుస్తకం పేరిట మీరు మోసుకెళ్తున్నది మీ మీద మీకున్న ఊహని. దానికీ విమానంవాళ్ళు తూకం వేస్తారు.

అక్కడి పరిస్థితి తెలియనిదా? డాలస్‌కీ మనకీ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, ఎండాకాలంలో పదిన్నర. ఒళ్ళు రోజుకు గంట, గంటన్నర చొప్పున సర్దుకుంటుందంటారు. అంటే వారం, పది రోజుల దాకా అర్ధరాత్రి దాటగానే టంచనుగా మెలకువ. పగలంతా చంటిపిల్ల. పోపు కాస్త మాడిందంటే పొగ అలారం కుయ్యోమంటుంది, అప్పుడే పడుకున్న పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. అల్లుడు ఆఫీసుకెళ్ళాక వీధిలో నరమానవుడు కనిపించడు. కారు నడపడం రాదు. ఇలాంటి చోట కొత్త పుస్తకంలో మొదటి పేజీ దాటడమే గగనం. పాత్రల పేర్లు గుర్తుపెట్టుకోవాలి, ఎవరికెవరు ఏమవుతారో తెలుసుకోవాలి, రచయిత గొంతు చెవికి అలవాటవ్వాలి. ఆ ఇంటికీ ఆ స్టవ్వుకీ ఆ వేళలకీ అలవాటుపడటంలోనే మన ఓపికంతా అయిపోయి ఉంటుంది.

అందుకే నా పద్ధతి ఒకటే. ముప్పై పేజీలైనా చదవని పుస్తకం నా పెట్టెలోకి ఎక్కదు.

టికెట్లు బుక్కయిన దగ్గర్నుంచి మంచం పక్కన ఓ స్టూలు వేసి, తీసుకెళ్ళాలనిపించినవన్నీ దానిమీద పేరుస్తాను. రాత్రి వంటిల్లు సర్దుకుని, కాళ్ళు లాగేస్తూ, రెప్పలు వాలిపోతున్నప్పుడు వాటిని తెరుస్తాను. కావాలనే ఆ వేళ. పొద్దున్నే స్నానం చేసి కాఫీ తాగి కూర్చుంటే పంచాంగం కూడా బాగానే ఉంటుంది. అలసిపోయిన మనిషిని కూడా లాక్కుపోయేది ఏదో, అదే అక్కడ పనికొస్తుంది. ముప్పై పేజీలు రాకుండానే నన్ను నిద్రపుచ్చిన పుస్తకం మళ్ళీ బీరువాలోకి. దానికి ఏ అవార్డు వచ్చింది, ఎవరు మెచ్చుకున్నారు అని చూడను. మా ఆయన మెచ్చుకున్నా చూడను.

ఈ పద్ధతిలో రెండో సగం ఇంకా కష్టం. ముప్పయ్యో పేజీ దగ్గర ఆగిపోవాలి. బాగుంది కదా అని తెల్లవార్లూ కూర్చుని పూర్తిచేశారంటే పెట్టెలో పెట్టుకోవడానికి ఏం మిగులుతుంది? ఇంకో పది పేజీలు చదవాలని ప్రాణం కొట్టుకుంటుండగానే మూసేసి, ఒక చీటీ మీద ప్రశ్న రాసి అక్కడ పెడతాను. “ఆ ఉత్తరం ఈవిడ ఎందుకు దాచింది?” “పొలం అమ్మిన సంగతి మావగారికి తెలుసా?” అంతే. మందులషాపు బిల్లు వెనక రాసినా సరే. ఆ తర్వాత ప్రయాణం దాకా దాన్ని ముట్టుకోను. అర్ధరాత్రి డాలస్‌లో మెలకువ వచ్చి పుస్తకం తెరిస్తే నా దస్తూరీలో నా ప్రశ్నే ఎదురవుతుంది. జవాబు కోసం పేజీ తిప్పుతాను. కొత్తగా మొదలుపెట్టే పట్టుదల అక్కడ ఎవరికీ ఉండదు. సగంలో ఆపినదాన్ని అందుకోవడానికి పట్టుదలతో పనేముంది, కుతూహలం చాలు. నడక, ధ్యానం, డైరీ రాయడం, దేనికైనా ఇదే వర్తిస్తుందని నా నమ్మకం. ఊరు మారాక కొత్త అలవాటు పట్టుకోవడం కష్టం, పాత అలవాటును ఊరు దాటించడం సులువు.

నేనేదో పుస్తకాల పురుగుననుకునేరు. మూడు పేజీలకోసారి చెయ్యి ఫోన్ వైపు పోతుంది. అంతకంటే పెద్ద జబ్బు ఇంకోటుంది. చదువుతుండగా గదిలోకి ఎవరైనా వస్తే చటుక్కున పుస్తకం మూసి లేచి నిలబడతాను, ఏదో దొంగతనం చేస్తున్నట్టు. పుట్టింట్లో పడిన అలవాటు, అత్తింట్లో ముదిరింది. సింకులో రెండు గిన్నెలు కనపడితే కథలో ఎవరు చచ్చినా బతికినా నా చెవికెక్కదు. కూతురి ఇంట్లో ఇది మరీ ఎక్కువ. సాయం చెయ్యడానికి వచ్చి పుస్తకం పట్టుకుంటే ఏమనుకుంటారో! ఎవరూ ఏమీ అనుకోరు. మా అమ్మాయే ఒకరోజు, “అమ్మా, నువ్వు కూర్చుంటేనే నాకూ కూర్చోబుద్ధేస్తుంది” అంది. ఇప్పటికీ లేస్తూనే ఉన్నాను గానీ, పుస్తకం మూయకుండా వేలు పెట్టుకుని లేస్తున్నాను. ఆ మాత్రం మార్పు మీ వల్లా అవుతుంది.

ఏ పుస్తకాలు అంటే, చేతికి దొరికే సమయాన్ని చూసి ఎంచుకోండి. చంటిపిల్ల కునుకు తీసేది ఒక్కోసారి అరగంటే. ఆ అరగంటకు సరిపోయేలా ఎవరో కొలిచి రాసినట్టుంటాయి సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’. నూరు కథలు, ఒక్కోటి మూడు నాలుగు పేజీలు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో వారం వారం వచ్చినవి కాబట్టి ఏ కథకా కథ పూర్తి. బాపు బొమ్మలు సరేసరి. 1979లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన పుస్తకం చంకలో పిల్లతో చదవడానికి ఇంత వీలుగా ఉంటుందని అకాడమీవాళ్ళు కూడా అనుకుని ఉండరు. ముప్పై పేజీల నియమం దీనికీ ఉంది, మొదటి ఏడెనిమిది కథలు ఇక్కడే చదివేయండి. సాయంత్రం అల్లుడు, “ఏం చేశారత్తయ్యా పగలంతా?” అని అడిగినప్పుడు నడుంనొప్పి గురించి కాకుండా కృష్ణ ఒడ్డున జరిగిన కథ చెప్పి చూడండి. భోజనాల దగ్గర ఫోన్లు వాటంతటవే పక్కకు పోతాయి.

పత్రికలను చాలామంది చిన్నచూపు చూస్తారు, ఎయిర్‌పోర్టులో విసనకర్రకు తప్ప పనికిరావన్నట్టు. తప్పు. ఒక చేత్తో పట్టుకోవచ్చు, మడవచ్చు, పాలు ఒలికినా ఏడవక్కర్లేదు. నా ఓటు పాత ‘చతుర’లకు. నెలకొక సంచిక, సంచికకొక నవల. కరోనా కాలంలో ‘చతుర’, ‘విపుల’ రెండూ ఆగిపోయాయి గానీ, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో వెతికితే ఇంకా చిక్కుతాయి. కొనేముందు చివరి పేజీలున్నాయో లేదో తిరగేయండి. కొత్తవాటిలో బయల్దేరే వారంలో వచ్చిన ‘స్వాతి’ ఒకటి, మీకు బొత్తిగా సంబంధం లేని విషయం మీద మాసపత్రిక ఒకటి. నేను వ్యవసాయ పత్రిక పట్టుకెళ్తాను. మాకు సెంటు భూమి లేదు.

రాత్రిపూట మెలకువ వస్తే మాత్రం ఫోన్‌లో చదవొద్దు. బోస్టన్‌లో బ్రిగమ్ ఆసుపత్రివాళ్ళు 2014లో తేల్చారట, వెలుగు చిమ్మే తెర మీద చదివి పడుకున్నవాళ్ళకు కాగితం మీద చదివినవాళ్ళకంటే ఆలస్యంగా నిద్రపట్టిందని. పన్నెండు మందితో చేసిన పరీక్షే అనుకోండి, నా ఒంటికి మాత్రం సరిగ్గా సరిపోయింది.

ఇంక మిగతా జాగ్రత్తలు గబగబా చెప్పేస్తాను. కళ్ళజోడు రెండోది తప్పనిసరి, పాత పత్రికల అక్షరాలు చీమతలకాయలంత ఉంటాయి. గట్టి అట్టవి వద్దు, బరువు. లైబ్రరీ పుస్తకం, ఎరువు తెచ్చినది అసలే వద్దు. దేవుడి పుస్తకం చిన్న సైజుది ఒకటి చాలు. ఇంగ్లీషు పుస్తకాలు ఇక్కడి నుంచి మోయకండి, అక్కడ ఊరూరా పబ్లిక్ లైబ్రరీ ఉంటుంది, పిల్లల కార్డు మీద ఊరికే ఇస్తారు. పెట్టెలో జాగా తెలుగుకే.

జాగా అన్నాను కదా, అసలు యుద్ధం అక్కడే. చాలా విమానాల్లో అమెరికాకు మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. బయల్దేరే ముందురోజు రాత్రి మా ఆయన కొక్కెం త్రాసుకు పెట్టె తగిలించి, రెండు చేతులా పైకెత్తి, మెడనరాలు ఉబ్బుతుండగా “ఇరవై నాలుగున్నర!” అని అరుస్తారు. వెంటనే ఆయన చూపు పుస్తకాల మీద పడుతుంది.

“ఏమే, ఇవి తీసేస్తే సరిపోతుందిగా?”

“కందిపొడి అక్కడ కొట్టుకోవచ్చండీ. మిక్సీ ఉంది వాళ్ళింట్లో.”

“పుస్తకాలు అక్కడ కిండిల్‌లో చదువుకోవచ్చు.”

“ఈ చీటీలు కిండిల్‌లో ఉండవు.”

చివరికి రెండో కందిపొడి డబ్బా దిగుతుంది. మొగమాటపడితే ప్రతిసారీ పుస్తకమే దిగుతుంది, గుర్తుపెట్టుకోండి. అమెరికా అధ్యక్ష పదవి దిగిపోయాక థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు వెళ్తూ పుస్తకాల పెట్టె పట్టుకెళ్ళాడు. జాబితా ఆయనది, చెమటా మట్టీ అంటినా పాడవకుండా పందితోలు బైండింగులు వేయించి ఇచ్చింది చెల్లెలు. పెట్టెతో కలిపి అరవై పౌండ్లకు కాస్త తక్కువ, అంటే మన లెక్కలో 27 కిలోలు. సింహాల మధ్యకు వెళ్ళేవాడు అంత మోయించాడు, మీరు రెండు కిలోలకు సంజాయిషీ చెప్పుకుంటున్నారు!

ఆ రెండు కిలోలూ వీలైనంత వరకు చేతిసంచిలో ఉండాలి. అంబేడ్కర్ 1917లో లండన్ నుంచి తిరిగొస్తూ తన పుస్తకాలను వేరే ఓడలో వేయించారు, జర్మన్ టార్పెడో తగిలి ఆ ఓడ మునిగిపోయింది. మనకు టార్పెడోలు లేవు, దోహాలోనో దుబాయ్‌లోనో తప్పిపోయే లగేజీ ఉంది. పొడులు మళ్ళీ కొట్టుకోవచ్చు, సగంలో ఆగిన కథ మాత్రం ప్రాణం తీస్తుంది.

వచ్చేటప్పుడు అన్నీ తిరిగి తేవాలని రూలేమీ లేదు. ఎలాగూ ఆ జాగాలో చాక్లెట్లు, షాంపూ సీసాలు కూర్చుంటాయి. సాయంత్రం పిల్లను బండిలో తిప్పే పార్కులో మీలాంటి అమ్మమ్మ ఒకావిడ కనిపించకపోదు, భీమవరం నుంచో కరీంనగర్ నుంచో వచ్చినావిడ. చదివేసిన పత్రికలు ఆవిడకిచ్చి, ఆవిడ తెచ్చుకున్నవి మీరు తీసుకోండి. ఏమీ తెచ్చుకోలేదంటే కోప్పడకండి. “నాకు చదివే అలవాటు పోయిందండీ” అంటే వినిపించుకోకండి. చేతిలో ఓ ‘చతుర’ పెట్టి, పిల్లల బళ్ళు రెండూ మీరే చూస్తానని చెప్పి, ముప్పై పేజీలు అక్కడే బెంచీ మీద చదివించండి.